మేఘగణనమూ మీటరు బిల్లూ

సాయంకాలం ఆరుగంటల వేళ దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషను మెట్లు దిగి చైతన్యపురి వైపు నడిచేవారికి రోడ్డుకు రెండు పక్కలా శిక్షణ సంస్థల బోర్డులు, వాటి వెనుక సందుల్లో విద్యార్థుల హాస్టళ్లు కనబడతాయి. ఒక్కొక్క గదిలో ముగ్గురు నలుగురు. ప్రతి చేతిలోను ఒక ఫోను. అందులో నమూనా ప్రశ్నపత్రమో, పాఠమో, పాటో. ఫోను అరచేతిలో ఉన్నదేగాని ఆ ప్రశ్నపత్రాన్ని దిద్ది మార్కులు వేసేది ఆ ఫోను కాదు. ఎక్కడో ఒక పెద్ద భవనంలో బీరువాల్లా వరుసగా నిలబెట్టిన కంప్యూటర్లు ఆ పని చేసి, ఫలితాన్ని మాత్రం పంపుతాయి. ఈ ఏర్పాటునే క్లౌడ్ కంప్యూటింగ్ అంటున్నారు. మనం మేఘగణనం అనుకోవచ్చును. పేరులో మేఘమున్నది గాని వ్యవహారమంతా నేలమీదిదే. దానికి గోడలున్నవి, తాళాలున్నవి, కరెంటు మీటరున్నది.

ఆ భవనాలు మనకు అంత దూరంలోనూ లేవు. అమెజాన్ సంస్థవారి హైదరాబాదు మేఘకేంద్రం 2022 నవంబరులో పని ప్రారంభించింది. రంగారెడ్డి జిల్లాలో చందనవెల్లి, ఫ్యాబ్ సిటీ, ఫార్మా సిటీ ప్రాంతాలను దానికి ఎంచుకొన్నారు. ఫ్యాబ్ సిటీ ఉన్న రావిర్యాల, ఎల్.బి.నగర్ చౌరస్తా నుండి దక్షిణంగా బయలుదేరినవారికి ఔటర్ రింగు రోడ్డు పక్కన తగులుతుంది. హాస్టలు గదిలో కుర్రవాడు వేలితో తెర తాకినప్పుడు ఖర్చయ్యే కరెంటు అటువంటి చోట ఖర్చవుతున్నదన్న మాట.

ఎంత ఖర్చు? అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా ప్రకారం 2024లో ప్రపంచంలోని డేటా కేంద్రాలన్నీ కలిసి సుమారు 415 శతకోటి యూనిట్లు వాడినవి. అది ప్రపంచపు విద్యుత్తులో ఒకటిన్నర శాతం. 2030 నాటికి ఇది రెట్టింపును మించగలదని ఆ సంస్థే చెప్పింది. ఇంత పెద్ద అంకెలు మనస్సుకు అందవు. కనుక ఒక్క సర్వరును తీసుకొని లెక్క కడదాము.

400 వాట్లు తీసుకొనే సర్వరు ఒకటి రాత్రింబవళ్లు నడుస్తున్నదనుకొందాము. నెలకు 720 గంటలు. అనగా 288 యూనిట్లు. అయితే ఆ యంత్రం వేడెక్కుతుంది. దానిని చల్లబరచడానికి, మధ్యలో పోయే నష్టాలకు కలిపి మరి సగం వేసుకొంటే 432 యూనిట్లు. మన రాష్ట్రంలో గృహజ్యోతి పథకం క్రింద ఒక ఇంటికి ఉచితంగా ఇచ్చే పరిమితి నెలకు 200 యూనిట్లు. అంటే ఒక్క సర్వరు రెండిళ్ల పరిమితిని దాటి తింటున్నది. మన విద్యుత్తులో పెద్ద భాగం బొగ్గు నుండి వస్తున్నది. దేశం మొత్తం మీద యూనిట్‌కు సుమారు 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతున్నదని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్కలు చూపుతున్నవి. ఆ లెక్కన మన సర్వరు నెలకు 300 కిలోలకు పైగా ఆ వాయువును గాలిలోకి పంపుతున్నది.

ఇక ప్రాసెసరు లోపల ఈ శక్తి ఎక్కడ పోతున్నదో చూద్దాము. ప్రాసెసరంటే కోట్లకొలది అతి చిన్న మీటలు. ప్రతి మీటా ఒక బుల్లి కుండ వంటిది. 'ఒకటి' అన్నప్పుడు దానిని విద్యుదావేశంతో నింపాలి, 'సున్న' అన్నప్పుడు వొలకబోయాలి. వొలకబోసినదంతా వేడిగా మారుతుంది. సెకనుకు ఎన్నిసార్లు నింపి పోస్తామో అంత ఖర్చు. వోల్టేజి పెరిగితే మాత్రం ఖర్చు దాని వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కీలకమంతా ఈ వర్గంలోనే ఉన్నది. వేగాన్ని పదోవంతు, దానితోపాటు వోల్టేజిని పదోవంతు తగ్గించామనుకోండి. 0.9ని మూడుసార్లు గుణిస్తే 0.729. అంటే పని పదోవంతే నెమ్మదించింది గాని, వాట్లు నాలుగోవంతుకు పైగా తగ్గినవి.

పూర్వం ఈ లాభం అడగకుండానే వచ్చేది. మీటలను చిన్నవి చేసినకొద్దీ వోల్టేజిని కూడా తగ్గించవచ్చునని రాబర్ట్ డెన్నార్డ్, ఆయన సహచరులు 1974లో చూపారు. ముప్పై ఏళ్లు ఆ సూత్రం మీదే బండి నడిచింది. 2005 ప్రాంతంలో ఆగిపోయింది. మీటలు మరీ చిన్నవై, మూసి ఉన్నప్పుడు కూడా కరెంటు కారడం మొదలైంది. వోల్టేజి ఒక వోల్టు దగ్గర తచ్చాడసాగింది. అప్పటినుండి పొదుపు అన్నది నిర్మాణంలో ఆలోచించి సంపాదించవలసిన వస్తువైంది.

అటువంటి ఆలోచన ఒకటి ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో అప్పటికే పుట్టి ఉన్నది. ఎకార్న్ అనే చిన్న సంస్థలో సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ కలిసి రూపొందించిన ఆర్మ్ ప్రాసెసరు మొదటిసారిగా 1985 ఏప్రిల్ 26న పని చేసింది. అందులో మీటలు సుమారు 25,000 మాత్రమే. అదే సంవత్సరం వచ్చిన ఇంటెల్ 80386లో 2,75,000 ఉన్నవి. చవకైన ప్లాస్టిక్ తొడుగులో పెట్టాలని వేడి తగ్గించే ప్రయత్నం చేశారు గాని, ఎంత తగ్గించారో వారికే తెలియదు. ఫర్బర్ ఒక ముచ్చట చెప్పేవారు. కరెంటు ఎంత పడుతున్నదో చూద్దామని అమ్మీటరు కలిపితే ముల్లు సున్న దగ్గరే ఉన్నదట. ప్రాసెసరు మాత్రం చక్కగా నడుస్తున్నదట. తీరా చూస్తే విద్యుత్ సరఫరా తీగ కలపడమే మరచారు. పక్క సర్క్యూట్ల సంకేతాల నుండి కారిన కరెంటుతోనే అది పని చేస్తున్నది!

దాని రహస్యంలో కొంత భాగం ఆదేశాల పొందికలో ఉన్నది. ఇంటెల్ తరహా ప్రాసెసర్లలో ఒక ఆదేశం ఒక బైటు ఉండవచ్చును, పదిహేను బైట్లూ ఉండవచ్చును. బస్ స్టాండులో పార్సిళ్లు దించే గుమాస్తాకు రకరకాల సైజుల మూటలు వచ్చినట్లు. ఎక్కడ ఒకటి ముగిసి మరొకటి మొదలవుతున్నదో చూసుకోవడానికే కొంత శ్రమ పోతుంది. ఆర్మ్‌లో ఆదేశాలన్నీ నాలుగు బైట్ల ఒకే కొలత పెట్టెలు. ఇదొక్కటే కారణమని కొందరు చెబుతుంటారు, అది అతిశయోక్తి. చిన్న తరహా తయారీ, మితమైన వేగం, ఒకే పలక మీద ఎక్కువ సాదా కోర్లు పెట్టడం, వీటి వాటా తక్కువది కాదు. ఇవి ఇంటెల్ తరహాలోనూ సాధ్యమే. 2023లో ఎ.ఎమ్.డి. సంస్థ 128 కోర్ల ప్రాసెసరు ఒకటి అదే ఉద్దేశంతో తెచ్చింది.

ఫోన్లలో ఉండే ఈ ఆర్మ్ జాతిని మేఘకేంద్రాలలోకి పెద్ద ఎత్తున తెచ్చినది అమెజాన్. 2018 నవంబరులో గ్రావిటాన్ అనే పేరుతో తమ సొంత ప్రాసెసరును ప్రకటించి, తరువాత మరికొన్ని తరాలు వెలువరించారు. మైక్రోసాఫ్ట్ 2023లో కోబాల్ట్‌ను, గూగుల్ 2024లో ఆక్సియాన్‌ను ప్రకటించినవి. మూడవ గ్రావిటాన్ అదే పనిని 60 శాతం వరకు తక్కువ శక్తితో చేస్తుందని అమెజాన్ వారి మాట. 'వరకు' అన్న పదాన్ని పాఠకులు గమనించాలి. అద్దె సంగతి ఇంకా స్పష్టం. 2020లో రెండవ గ్రావిటాన్ యంత్రాలు వచ్చినప్పుడు, అమెరికాలోని వర్జీనియా కేంద్రంలో మధ్యరకం ఇంటెల్ యంత్రం గంటకు 9.6 సెంట్లుండగా, దానికి జోడైన గ్రావిటాన్ యంత్రం 7.7 సెంట్లు. ఐదోవంతు తక్కువ. పైగా ఇంటెల్ యంత్రంలో ఒక వంతుగా అద్దెకిచ్చేది సాధారణంగా సగం కోరే. గ్రావిటాన్‌లో పూర్తి కోరు.

మా కళాశాల ప్రయోగశాలలో విద్యార్థులకు నేను ఒక చిన్న ప్రదర్శన చేస్తుంటాను. పాత డెస్క్‌టాప్ కంప్యూటరును, అరచేతి వెడల్పు రాస్‌బెరీ పై పలకను వాట్ మీటరుకు తగిలిస్తాను. మొదటిది పదుల వాట్లు, రెండవది మూడు నాలుగు వాట్లు చూపుతుంది. "అయితే సార్, అన్నీ ఇవే పెట్టేయరాదా?" అని ఒకరు తప్పక అడుగుతారు. అప్పుడు ఇద్దరికీ ఒకే పని ఇస్తాను. చిన్నది వెనుకబడుతుంది. చూడవలసినది వాట్లు కాదు, ఒక పనికి పడిన శక్తి. 1946 నాటి ఎనియాక్ 150 కిలోవాట్లు తీసుకొని సెకనుకు 5,000 కూడికలు చేసేది. అంటే ఒక్క కూడికకు 30 జౌళ్లు. కిలో బియ్యం సంచిని మూడు మీటర్ల ఎత్తుకు లేపడానికి చాలినంత! ఇదే కొలబద్దను మన సర్వరుకు పెడదాము. 400 వాట్ల యంత్రం సెకనుకు 10,000 ప్రశ్నలకు జవాబిస్తున్నది. 250 వాట్ల యంత్రం 9,000కి ఇస్తున్నదనుకొందాము. ఒక జవాబుకు మొదటిదానికి 0.04 జౌళ్లు, రెండవదానికి సుమారు 0.028. అదే పనికి ఇందాకటి 432 యూనిట్లు 300కు దిగుతాయి. నెలకు 90 కిలోలకు పైగా బొగ్గుపులుసు వాయువు మిగులుతుంది.

అయితే ఎంత మంచి ప్రాసెసరైనా ఊరికే తిరుగుతూ ఉంటే లాభమేమి? దిల్‌సుఖ్‌నగర్ బస్ స్టాండు దగ్గర సవారీ కోసం ఇంజను ఆపకుండా నిలబడే ఆటోను చూసే ఉంటారు. గూగుల్‌కు చెందిన బరోసో, హోల్జ్‌లే 2007లో ప్రకటించిన పత్రంలో, సర్వర్లు చాలా సమయం తమ శక్తిలో 10 నుండి 50 శాతం మేరకే పని చేస్తున్నవని, పని లేనప్పుడు కూడా సుమారు సగం కరెంటు తీసుకొంటున్నవని చూపారు. పొదుపైన యంత్రం చవకగా దొరికితే మరో నాలుగు అద్దెకు తీసుకొనే బుద్ధి కూడా పుడుతుంది. ఆవిరి యంత్రాలు పొదుపైనకొద్దీ బొగ్గు వాడకం పెరిగిందని జెవన్స్ 1865లోనే వ్రాశాడు.

నా పూర్వ విద్యార్థి ఒకడు ఇద్దరు మిత్రులతో కలిసి కొత్తపేటలో అద్దెగదిలో ఉంటూ పోటీపరీక్షల అభ్యాసపత్రాల సైటు నడుపుతున్నాడు. నాలుగు మేఘయంత్రాల అద్దె వారి గది అద్దెను మించిపోయి, సైటు మూసేద్దామా అన్నంతవరకు వచ్చింది. ఒక ఆదివారం నా దగ్గరకు వచ్చి బిల్లు చూపాడు. ముందు చూసినది ప్రాసెసరును కాదు, ఏ యంత్రం ఏ గంటలో ఏమి చేస్తున్నదో. నాలుగింటిలో ఒకటి మూడు నెలల క్రితం పరీక్ష కోసం తెరిచి మరచిపోయినది, దానిని మూసివేశాము. మిగిలిన మూడింటిలో ప్రోగ్రాములు పైథాన్‌లో వ్రాసినవి. అటువంటివి ఆర్మ్ యంత్రంపై దాదాపు మార్పు లేకుండా నడుస్తాయి. సి భాషలోనివైతే తిరిగి కంపైలు చేసుకోవాలి. రెండు ఒక్కరోజులో మారినవి. మూడవదానిలో జవాబుపత్రాల ఫోటోలు చదివే భాగాన్ని వేరొకరి దగ్గర కొన్నారు. అది ఇంటెల్ తరహాకు మాత్రమే తయారై వచ్చింది, దాని మూలం వీరి దగ్గర లేదు. ఆ ఒక్క యంత్రం ఇప్పటికీ పాతదే. రాత్రి పదకొండు నుండి ఉదయం ఐదు వరకు దానిని ఆపి ఉంచుతున్నారు.