జున్నుపాలును లేగదూడయు

ఆవు ఈనిన తోడనే పితికిన పాలు పసుపువన్నె గలిగి చిక్కగా నుండును, కాచిన గడ్డకట్టును. మామూలు పాలలో నూటికి 3, 4 వంతులుండు మాంసకృత్తులు ఈ తొలిపాలలో సుమారు 14 వంతులుండును. చక్కెర మాత్రము తక్కువ. ఆ మాంసకృత్తులలో హెచ్చుభాగము రోగములను నిరోధించునట్టివి. గర్భమందుండగా తల్లి రక్తమునుండి యివి దూడకు చేరవు. జున్నుపాల వలననే చేరవలెను. వీనిని చెడకుండ గ్రహించు శక్తి దూడ ప్రేగులకు గంటగంటకు తగ్గి, 24 గంటలలో దాదాపు నశించును.

మావి పడువరకు దూడను పొదుగు చేరనీయని రైతులు కలరు. ఆ జాగువలన దూడ పారుడు మొదలగు రోగములకు లోబడును. కావున మావికై కాచియుండక 2 గంటలలోపల తొలిపాలు త్రాగింపవలెను. మొదటి దినమున మొత్తము దూడ తూకములో పదియవవంతు చాలును. నాలుగైదు దినములలో పాలు మామూలు స్థితికి వచ్చును. ఇంటికి జున్ను కావలసిన, దూడ త్రాగగా మిగిలినదే పితుకవలెను.