కరవది సన్నాయి శ్రీరంగం చేరింది
పొడవు పెరిగి, శ్రుతి తగ్గి, గంభీరమైన గుడి వాద్యం

ఒంగోలు: స్వామివారి పల్లకి కదలాలంటే సన్నాయి పలకాలి. తాళి కట్టే వేళ గట్టిమేళం మోగాలి. ఇది పల్లెల్లో అందరూ ఎరిగిన ఆచారమే. అయితే ఈనాడు గుళ్లలో వినవచ్చే నిండైన, మంద్రమైన సన్నాయి నాదం తరతరాల నాటిది కాదు. అది గత శతాబ్దంలో వచ్చిన మార్పు.

పూర్వం వాడుకలో ఉన్నది తిమిరి సన్నాయి. పొట్టిది, శ్రుతి హెచ్చు. ఊరేగింపులో దూరానికి వినిపించేది గాని, శుద్ధ మధ్యమం దానిలో సరిగా పలికేది కాదు. తమిళనాట తిరువావడుదురైకి చెందిన టి.ఎన్. రాజరత్నం పిళ్ళై (1898-1956) పొడవైన బారీ సన్నాయిని ప్రచారంలోకి తెచ్చారు. కుంభకోణం చెంతనున్న నరసింగంపేటలో రంగనాథన్ ఆచారి దానికి రూపమిచ్చారు. గొట్టం పొడవు పెరిగితే శ్రుతి తగ్గుతుంది. తొందర లేకుండా రాగాన్ని గంటల తరబడి విస్తరించే వీలు కలిగింది. రాజరత్నం తోడి రాగాలాపన అలాగే పేరుకెక్కింది. మాటలు లేకుండా, ఒక్క వాద్యంతో చేసే అర్చన అది.

బారీ సన్నాయి రెండున్నర అడుగులకు పైగా ఉంటుంది. పైనున్న ఏడు రంధ్రాలు వేళ్లకు. అడుగు భాగాన ఉన్నవాటిని మైనంతో మూసి శ్రుతి సరిచేస్తారు. పాత ఇళ్లు విప్పినప్పుడు దొరికే ఆచ్చా కర్ర దీనికి శ్రేష్ఠం. ఏళ్ల తరబడి ఆరిన కర్ర పగలదు, వంగదు. నరసింగంపేట సన్నాయికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది.

ఈ నాదానికి ప్రకాశం జిల్లాతో గట్టి బంధమే ఉంది. ఒంగోలు చెంతనున్న కరవదిలో 1924లో జన్మించిన షేక్ చిన మౌలానా తొలుత చిలకలూరిపేట ఆదం సాహెబ్ వద్ద శిక్షణ పొందారు. రాజరత్నం బాణీపై మక్కువతో తంజావూరు సీమకు వెళ్లి, నాచియార్ కోవిల్ సోదరులు రాజం, దురైకన్ను వద్ద మళ్లీ శిష్యరికం చేశారు. తర్వాత శ్రీరంగంలో స్థిరపడి రంగనాథుని సన్నిధిలో వాయించారు. ముస్లిం కుటుంబంలో పుట్టిన ఆయన శ్రీరంగంలోనే శారదా నాదస్వర సంగీత ఆశ్రమం నెలకొల్పి శిష్యులను తయారుచేశారు. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి బిరుదు అందుకొని, 1999లో కన్నుమూశారు. ఆయన శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ దక్కింది. స్త్రీలు అరుదుగా చేపట్టే ఈ వాద్యంలో కాలీషాబీ రాణించడం విశేషం.

అయితే పల్లెల్లో పరిస్థితి వేరు. అనేక గుళ్లలో హారతి వేళ కరెంటు డోలు, గంటలు మోగుతున్నాయి. పెళ్లిళ్లలో రికార్డు పాటలతో సరిపెడుతున్నారు. ముహూర్తాలున్న నెలల్లోనే పని దొరికితే తక్కిన నెలలు గడిచేదెట్లా? తండ్రి చేతి సన్నాయి కొడుకు అందుకోవడానికి వెనుకాడేది ఇక్కడే. నేర్వదలచిన పిల్లలకు తిరుపతిలో దేవస్థానం వారి నాదస్వర, డోలు పాఠశాల ఉంది. నేర్చి వచ్చినవారికి ఊళ్లో వాయించే చోటు కావాలి.

అందుకు పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. తిరునాళ్లలో మైకు పాటలు ఒక గంట ఆపి, మేళం వారిని మండపంలో కూర్చోబెట్టి ఒక రాగం పూర్తిగా వాయించమని ఊరి పెద్దలు అడిగితే చాలు. వినేవాళ్లుంటేనే వాయించేవాళ్లుంటారు.