గొంతుకో కళ్లెం... చవగ్గా!

ఇంట్లోనే స్టూడియో పెట్టుకున్నవారి చేతికి మైకు రాగానే, తర్వాత చూపు పడేది కంప్రెసర్ మీదే. కొనాలా? కొంటే ఏది? అసలు అవసరమా? పర్సు తీసేముందు తెలుసుకోవాల్సిన సంగతులివి.

రాత్రి పదకొండయింది. వీధిలో ఆటోల రొద సద్దుమణిగింది. ఫ్యాను ఆపేసి, కిటికీలు మూసి, మైకు ముందు నిలబడ్డారు. పల్లవి బాగానే వచ్చింది. చరణంలో గొంతు పై స్థాయికి వెళ్లగానే కంప్యూటర్ తెర మీద ఎర్ర దీపం... శబ్దం పగిలిపోయింది! లెవెల్ తగ్గించి మళ్లీ పాడితే ఈసారి పల్లవి సరిగా వినపడదు. మరి సినిమా పాటల్లో గుసగుసలాడినా, గొంతెత్తి పాడినా ప్రతి అక్షరం మన చెవిలో చెప్పినట్టే ఉంటుందే! ఆ మర్మమేమిటని తెలిసినవాళ్లను అడిగితే వచ్చే జవాబు... ‘కంప్రెసర్’.

ఇది ఫ్రిజ్ వెనకాల గుర్రుమనే కంప్రెసర్ కాదు. ధ్వనిలోని హెచ్చుతగ్గుల మధ్య దూరాన్ని తగ్గించేది.

నాన్న చేతిలో రిమోట్

టీవీలో సీరియల్ నడుస్తుంటుంది. పాత్రలు మెల్లగా మాట్లాడుకుంటుంటాయి. ఇంతలో ప్రకటన... ఇల్లు అదిరిపోతుంది. నాన్న చటుక్కున రిమోట్ అందుకుని సౌండ్ తగ్గిస్తారు. ప్రకటన అయిపోగానే మళ్లీ పెంచుతారు. కంప్రెసర్ చేసేదీ అచ్చం ఇదే. కాకపోతే మిల్లీసెకన్లలో!

సౌండ్ ఏ గీత దాటితే నాన్న కదులుతారన్నది ‘థ్రెషోల్డ్’. ఎంత మేర తగ్గిస్తారన్నది ‘రేషియో’. ఎంత త్వరగా తగ్గిస్తారన్నది ‘ఎటాక్’. ఎంతసేపటికి మళ్లీ మామూలు స్థాయికి తెస్తారన్నది ‘రిలీజ్’. ఉదాహరణకు రేషియో 4:1 పెట్టారనుకోండి. గీత దాటి 8 డెసిబెల్స్ పైకెళ్లిన గొంతు 2 డెసిబెల్స్ దగ్గరే ఆగుతుంది. అంటే 6 తగ్గింది. ఇప్పుడు ‘మేకప్ గెయిన్’తో పాట మొత్తాన్నీ ఆ 6 పెంచుకుంటే సరి. పల్లవీ వినిపిస్తుంది, చరణమూ చెవిని కొట్టదు.

ఆ పాత పెట్టెల మోజు

ఈ విద్యలో పేరుమోసిన పెట్టెలు కొన్నున్నాయి. 1960ల్లో జిమ్ లారెన్స్ తయారుచేసిన ఎల్‌ఏ-2ఏలో గొంతు పెరిగేకొద్దీ లోపలి చిన్న పలక వెలుగుతుంది. ఆ వెలుతురు పడి ఇంకో భాగం ధ్వనిని తగ్గిస్తుంది. అందుకే దాని పనితనం అంత మృదువుగా ఉంటుంది. 1967లో బిల్ పట్నం తెచ్చిన 1176 ఇందుకు పూర్తిగా భిన్నం. మహా చురుకు. సెకనులో లక్షో వంతుల లెక్కలో స్పందిస్తుంది. ఇవాళ అలాంటివి కొనాలంటే వేల డాలర్ల మాట.

చవకైనవి లేవా అంటే ఉన్నాయి. అమెరికాలోని ఎఫ్‌ఎంఆర్ ఆడియో 1990ల్లో తెచ్చిన చిన్న పెట్టె ‘ఆర్‌ఎన్‌సీ’ 200 డాలర్ల లోపే దొరుకుతూ ఇంటి స్టూడియోల్లో మంచిపేరు తెచ్చుకుంది. ఆ పాత పెట్టెల నమూనాలనే కేటీ-2ఏ, 76-కేటీ పేర్లతో క్లార్క్ టెక్నిక్ తక్కువ ధరకు తయారుచేసింది.

అయితే ఇంకేం, ఒకటి కొనేస్తే పోలా అంటారా? ఆగండి!

తెచ్చి ఎక్కడ పెడతారు?

చాలామంది నాలుక కరుచుకునేది ఇక్కడే. ఇళ్లలో వాడే రెండు మైకుల ఆడియో ఇంటర్‌ఫేస్‌లలో మైకు సిగ్నల్‌ను పెంచే ప్రీయాంప్, దాన్ని అంకెల్లోకి మార్చే కన్వర్టర్ ఒకే డబ్బాలో ఉంటాయి. చవక రకాల్లో చాలావాటికి ఆ రెంటి మధ్యా ఏమీ తగిలించే వీలుండదు. పాడేటప్పుడే కంప్రెసర్ పనిచేయాలంటే విడిగా ఇంకో ప్రీయాంప్, కేబుళ్లు కొనాలి. పది వేలతో పోతుందనుకున్న ఖర్చు కాస్తా పెరుగుతూ పోతుంది.

ఇంకో మాట. మొదట్లో చెప్పుకున్న ఎర్ర దీపానికి మందు కంప్రెసర్ కాదు. టేపుల కాలంలో లెవెల్ తగ్గిస్తే గొంతుతో పాటు టేపు బుస కూడా వినపడేది కాబట్టి పాడుతుండగానే నొక్కిపెట్టేవారు. ఇప్పుడు 24 బిట్ రికార్డింగ్ ఉంది. అతి పెద్ద స్వరం మైనస్ 10, 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా పెట్టుకుని నిశ్చింతగా పాడొచ్చు. పల్లవిని పైకి తెచ్చే పని తర్వాత సాఫ్ట్‌వేర్‌లో చేసుకోవచ్చు.

ముందు పైసా ఖర్చులేనిది

ఆ సాఫ్ట్‌వేర్ కంప్రెసర్ ఇప్పటికే మీ కంప్యూటర్‌లో ఉండి ఉంటుంది. మ్యాక్‌లో ఉచితంగా వచ్చే గ్యారేజ్‌బ్యాండ్‌లో ఉంది. ఉచిత ఆడాసిటీలోనూ ఉంది. రీపర్‌లో ఉండే రీయాకాంప్‌నైతే ఇతర సాఫ్ట్‌వేర్లలోనూ వాడుకునేలా విండోస్‌కు ఉచితంగా ఇస్తున్నారు. మీటలు తక్కువగా ఉండాలంటే క్లాంగ్‌హెల్మ్ వారి డీసీ1ఏ, లోతుగా నేర్చుకోవాలంటే టోక్యో డాన్ వారి కొటెల్నికోవ్... రెండూ ఉచితమే.

గొంతుకైతే రేషియో 3:1, ఎటాక్ 10 మిల్లీసెకన్లు, రిలీజ్ 100 మిల్లీసెకన్లతో మొదలుపెట్టండి. పెద్ద స్వరం దగ్గర మీటర్‌లో 3 నుంచి 6 డెసిబెల్స్ తగ్గేలా థ్రెషోల్డ్ దించండి. డప్పుకైతే ఎటాక్ ఇంకాస్త నెమ్మదిగా... 20, 30 మిల్లీసెకన్లు ఉండాలి. మరీ వేగంగా పెడితే కర్ర పడిన మొదటి దెబ్బే చచ్చిపోతుంది.

ఇక్కడో మోసం ఉంది. గట్టిగా వినిపించేదే మన చెవికి బాగున్నట్టు తోస్తుంది. కాబట్టి కంప్రెసర్ వేసినప్పుడూ తీసినప్పుడూ సౌండ్ ఒకే స్థాయిలో ఉండేలా చూసుకుని అప్పుడు పోల్చండి. అయినా తేడా నచ్చితేనే ఉంచండి. గట్టిగా వినపడాలని పాటను అదేపనిగా నొక్కినా లాభం లేదు. స్పాటిఫై లాంటివి అన్ని పాటలనూ దాదాపు ఒకే స్థాయికి సర్దేస్తాయి. చివరికి మిగిలేది ప్రాణం పోయిన పాటే.

బొంతకే మొదటి ఓటు

6 డెసిబెల్స్ పెంచితే గొంతొక్కటే పెరగదు. పక్కగదిలో ఫ్రిజ్ హోరు, గోడల మీంచి తిరిగొచ్చే ప్రతిధ్వని కూడా అంతే పెరుగుతాయి. అందుకే చేతిలో కొద్ది డబ్బుంటే ముందు గదిని చూసుకోండి. పాడేవారి వెనకా పక్కలా మందపాటి బొంతలు వేలాడదీసినా, బట్టలతో నిండిన బీరువా తలుపులు తెరిచి దానికి వీపుపెట్టి పాడినా తేడా తెలుస్తుంది.

పెట్టే కావాలంటే...

కచేరీలకు వెళ్లేవారికి, ఎదురుగా జనముండగా పాడేవారికి పెట్టె అవసరం కావచ్చు. అలాంటివారు కొనేముందు ఇవి చూసుకోవాలి.

* మీ ఇంటర్‌ఫేస్‌కు గానీ మిక్సర్‌కు గానీ దాన్ని తగిలించే చోటుందా?

* మోనోనా, స్టీరియోనా? ఒక్క గొంతుకు మోనో చాలు.

* ఎంత తగ్గిస్తోందో చూపే మీటరుందా? నేర్చుకునేవారికి అది తప్పనిసరి.

* అమెరికా నుంచి బావమరిది తెస్తున్నాడా? అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. అడాప్టర్ సంగతి ముందే తేల్చుకోండి.

* పాతదైతే ప్రతి మీటా తిప్పి చూడండి. గరగర వస్తే బేరం తగ్గించండి. లేదా వదిలేయండి.

ముందు ఓ మూడు నెలలు ఉచితమైనదాంతోనే పది పాటలు చేయండి. నాన్న రిమోట్ ఎప్పుడు అందుకోవాలో, ఎప్పుడు ఊరుకోవాలో మీ చెవికి తెలిసిపోతుంది. అప్పటికీ పెట్టె కావాలనిపిస్తే నిక్షేపంగా కొనుక్కోండి. దాన్ని ఎందుకు కొంటున్నారో అప్పటికి మీకే తెలిసి ఉంటుంది!