కార్జం జబ్బు - కూలి బతుకు

సూర్యాపేట మార్కెట్ యార్డులో బస్తాలు మోసే హమాలీకైనా, మిర్యాలగూడ రైసు మిల్లు కూలీకైనా, కోదాడ పొలాల్లో నాట్లేసే తల్లికైనా కార్జం గట్టిపడే జబ్బు ఒకే తీరుగా వస్తుంది. ఆకలి చస్తది, కాళ్లు వాస్తయి, కడుపులో నీరు చేరుతది. పసిరికలని పసరు తాగిస్తారు, వాతలు పెడతారు. నెత్తురు కక్కుకున్ననాడు గాని పెద్దాసుపత్రి గుర్తుకు రాదు. దీన్ని అజ్ఞానమని తీసిపారేయడం తేలిక. ఒక్కరోజు పనికి పోకపోతే పొయ్యి వెలగని ఇంట్లో, వంద కిలోమీటర్లకు పైగా దూరమున్న హైదరాబాదుకు ఎవరు పోతారు?

లోపల జరిగేదేమిటి? సాగర్ ఎడమ కాలువ కింద బతికే మనకు ఇది అర్థం కాని సంగతేం కాదు. పేగుల నుంచి, ప్లీహం నుంచి వచ్చే నెత్తురంతా పోర్టల్ సిర అనే పెద్ద కాలువలో పడి కార్జంలోకి పారుతుంది. అక్కడ విషాలు విరిగి, శుభ్రపడి గుండెకు చేరుతుంది. కార్జం మచ్చలుపడి గట్టిపడితే ఆ దారి పూడిపోతుంది. తూము పూడితే నీళ్లు ఆగుతయా? కట్టమీద ఒత్తిడి పెరుగుతది. అట్లనే నెత్తురు అన్నవాహికలోని, జీర్ణకోశంలోని సన్నటి సిరల్లోకి మళ్లి, వాటిని ఉబ్బిస్తుంది. ఒత్తిడి తేడా మామూలుగా 5 మిల్లీమీటర్లు దాటదు. అది 12కు చేరితే సిరలు పగిలే ప్రమాదముంది. అదే గండి. చికిత్స అందినా ఆరు వారాల్లో నూటికి పదిహేను, ఇరవై మంది చనిపోతున్నారు.

గండి పడకుండా పక్క కాలువ తవ్వడమే షంట్. 1877లో రష్యాలో ఎక్ అనే వైద్యుడు కుక్కల మీద దీన్ని ప్రయత్నించాడు. 1940లలో అమెరికాలో విప్పుల్ మనుషులకు చేయసాగాడు. 1967లో వారెన్ ప్లీహం సిరను మూత్రపిండం సిరకు కలిపే పద్ధతి తెచ్చాడు. కడుపు కోయకుండా, మెడ సిర గుండా గొట్టం పంపి కార్జంలోనే దారి తీసే టిప్స్ పద్ధతి 1988లో జర్మనీలో మొదలైంది.

అయితే పక్క కాలువ చేలోకి పారదు. నెత్తురు శుభ్రపడకుండానే మెదడుకు చేరుతుంది. మతి తప్పడం, మత్తు రావడం, చేతులు వణకడం అందుకే. టిప్స్ చేయించుకున్న ముగ్గురిలో ఇంచుమించు ఒకరికి ఈ బాధ వస్తుంది. అందుకని ముందు మందులు, ఎండోస్కోపీతో సిరలకు రబ్బరు బిగించడం. వాటికి లొంగని వారికి, మళ్లీ నెత్తురు పోయే ముప్పు ఎక్కువున్న వారికి షంట్. కార్జం మరీ చెడితే మార్పిడి తప్ప వేరే దారి లేదు.

కాబట్టి అసలు పోరాటం గండి పడకముందే జరగాలి. ఈ జబ్బున్న ప్రతివాడూ తాగుబోతు కాదు. హెపటైటిస్ బి, సి వైరస్‌లు, చక్కెర జబ్బుతో వచ్చే కొవ్వు కూడా కారణాలే. మరిగించని సూదులు ఈ వైరస్‌లను మోస్తాయి. ఒళ్లు నొప్పులకు అడిగినప్పుడల్లా వేసే గోళీలు, సూదిమందులు జబ్బున్నవాళ్లకు ప్రాణం మీదికి తెస్తాయి. 2018 నుంచి ప్రభుత్వ పథకం కింద హెపటైటిస్ పరీక్ష, మందులు ఉచితం. సి రకం గోళీలతో సాధారణంగా 12 వారాల్లో నయమవుతుంది. ఈ మాట ఎన్ని గూడేలకు చేరింది?

సారా మాట కూడా చెప్పక తప్పదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు లేచి నిలబడితే 1993లో సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్య నిషేధం తెచ్చి, 1997లో ఎత్తేశారు. నేడు బెల్టు షాపు ప్రతి ఊరికీ చేరింది. ఖజానాకు ఆదాయం, కూలివానికి కార్జం జబ్బు! ఇదేం లెక్క?

ఆరోగ్యశ్రీ 2007లో వచ్చింది. 2023 డిసెంబరులో పరిమితి పది లక్షలైంది. మంచిదే. కాని పోయిన కూలి, తోడు పోయినవాని కూలి, బస్సు ఖర్చు ఎవరిస్తారు? సూర్యాపేట, నల్లగొండల్లో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. అక్కడ రాత్రింబవళ్లు ఎండోస్కోపీ, నెత్తురు నిల్వ, నిపుణుడైన డాక్టరు ఉండాలని మేము అడుగుతున్నాం. మిర్యాలగూడ, కోదాడ ఆసుపత్రుల్లో హెపటైటిస్ పరీక్ష అడగంగానే జరగాలి. సంఘాలు ఈ కోర్కెలను తమ పత్రాల్లో చేర్చాలి.

ఈలోగా ఒక మాట: నెత్తురు కక్కినా, విరేచనం తారులా నల్లగా అయినా నోటికి ఏమీ పెట్టకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి. పసరుకు పోయే గంట ప్రాణం తీసే గంట.