చర్చి కప్పుకు చిల్లు

నరసరావుపేట దగ్గర ఒక ఊళ్ళో, నేను పాఠం చెప్పే గదికి రేకుల కప్పు. కోతులు దూకీ దూకీ ఒక మేకు ఊడగొట్టాయి. పెసరగింజంత చిల్లు పడింది, అదీ మూడు మూలలుగా. దానిలోంచి దిగిన ఎండ మాత్రం నేలమీద గుండ్రంగా, పది రూపాయల బిళ్ళకంటే కాస్త పెద్దగా పడుతోంది. ఏడో తరగతి పిల్ల పట్టేసింది: "చిల్లేమో మూడు మూలలు, ఎండేమో గుండ్రం. ఎట్లా సార్?"

ఆ బిళ్ళ చిల్లు బొమ్మ కాదు, సూర్యుడి బొమ్మ. సూర్యబింబంలో ఒక్కో చుక్క నుంచి వచ్చే వెలుగు నేలమీద ఒక్కో బుల్లి ముక్కోణం వేస్తుంది. అలాంటివి లెక్కలేనన్ని ఒకదానిమీదొకటి పరుచుకుంటే మూలలు కలిసిపోయి సూర్యుడి గుండ్రమే మిగులుతుంది. పాక్షిక గ్రహణం నాడైతే అదే చిల్లు కింద నెలవంక పడుతుంది. బొమ్మ అడ్డుకొలత ఎత్తులో సుమారు నూట ఎనిమిదో వంతు. మా కప్పు పదడుగులు, కాబట్టి అంగుళం పైచిలుకు.

కప్పు 27 మీటర్ల ఎత్తున ఉంటే? ఇటలీలోని బొలోన్యా పట్టణంలో సాన్ పెట్రోనియో చర్చికి 1655లో కస్సీని అనే ముప్ఫై ఏళ్ళ ఖగోళవేత్త సరిగ్గా ఆ ఎత్తున చిల్లు పెట్టించాడు. నేలమీద ఉత్తర దక్షిణాలుగా దాదాపు 67 మీటర్ల గీత పరిపించాడు. స్తంభాలు అడ్డం రాకుండా వాటి సందులోంచి గీత నడిపించడమే ఒక విద్య. మిట్టమధ్యాహ్నం ఎండబిళ్ళ ఆ గీత దాటుతుంది. వేసవిలో చిల్లుకు దగ్గరగా, చలికాలంలో గీత చివర.

చర్చికి ఈ పని ఎందుకంటే, ఈస్టరు తేదీ లెక్క సరిచూసుకోవడానికి. వసంతంలో పగలూ రాత్రీ సమానమయ్యాక వచ్చే పున్నమి తర్వాతి ఆదివారం ఈస్టరు. తిథులూ అధికమాసాలూ తెలిసిన మనకు ఈ తంటా కొత్త కాదు. పాత రోమను ఏడాది సుమారు 11 నిమిషాలు ఎక్కువ కావడంతో తేదీలు జారిపోయాయి. పోపు పదమూడో గ్రెగరీ 1582లో అక్టోబరు 4 మర్నాడే 15 అన్నాడు. చెప్పింది పోపు కాబట్టి ప్రొటెస్టెంటు దేశాలు చాలావరకు ఒప్పుకోలేదు. ఇంగ్లండు 1752 దాకా మొండికేసింది. హాలండు ప్రొటెస్టెంటు అయినా ముందే మారిపోయింది. అందుకే మన మచిలీపట్నంలో పదిహేడో శతాబ్దంలో డచ్చి కోఠీ చిట్టాలో తేదీ ఇంగ్లీషు కోఠీ కంటే పది రోజులు ముందుండేది. ఒకే రేవు, ఒకే ఎండ!

నాకు ముచ్చటేసేది తర్వాతి సంగతి. సూర్యుడు చలికాలంలో వేగంగా, వేసవిలో నెమ్మదిగా నడిచినట్టు కనిపిస్తాడు. దూరం మారడం వల్లే అలా అనిపిస్తుందని పాత లెక్క. సగమే దూరం వల్ల, మిగతా సగం నిజంగానే వేగం మారుతోందని ఖగోళవేత్త కెప్లర్. కెప్లర్ లూథరన్, అంటే ప్రొటెస్టెంటు. గ్రాజ్ పట్టణం నుంచి కేథలిక్కులు వెళ్ళగొట్టారు, లింజ్‌లో సొంతవాళ్ళే ప్రభురాత్రి భోజనం ఇవ్వలేదు. ఆయన పుస్తకం రోమ్ నిషేధపు జాబితాలో ఉంది. తేల్చాలంటే బిళ్ళ కొలిస్తే చాలు. పాత లెక్కే నిజమైతే జనవరికీ జూలైకీ సూర్యబింబం సైజు పదిహేనో వంతు మారాలి, కెప్లర్‌దైతే ముప్ఫయ్యో వంతు. కస్సీని కొలిచాడు. ముప్ఫయ్యో వంతే! భూమే తిరుగుతోందన్న గెలీలియోను చర్చి విచారించి పాతికేళ్ళైనా తిరక్కముందే, కేథలిక్కు చర్చి నేలమీద లూథరన్ లెక్క నెగ్గింది. తిరిగేది భూమా సూర్యుడా అన్నది మాత్రం ఆ బిళ్ళ చెప్పదు. దాంతో ఎవరూ నొచ్చుకోలేదు.

తర్వాత కస్సీని పారిస్ వెళ్ళాడు, దుర్భిణీలు మెరుగయ్యాయి, చర్చి గీతలు గడియారాలు సరిచూసుకోవడానికి మిగిలాయి. 1849లో లూథరన్ పాదిరి హెయర్ గురజాల వచ్చేనాటికి ఆ తేదీల తగాదాయే లేదు. ఇప్పుడు పల్నాడులో ఆర్.సి.ఎం. (కేథలిక్కు) వాళ్ళూ లూథరన్లూ ఈస్టరు ఒకే ఆదివారం చేసుకుంటారు.

మేమూ సుద్దముక్కతో గీత గీశాం. డిసెంబరులో బిళ్ళ చిల్లుకు సూటిగా కిందనుండే చోటుకు ఎనిమిదడుగులు ఉత్తరాన పడింది. మే మొదటివారంలో సరిగ్గా చిల్లు కిందకొచ్చింది, ఆపైన దక్షిణానికి దాటింది. బొలోన్యాలో ఎన్నటికీ దాటదు, మనం కర్కటరేఖకు ఇవతల ఉన్నాం మరి. జూన్ చివరి గుర్తు పెడదామనుకునేసరికి తొలకరి పడింది. ఎవరో రేకెక్కి చిల్లులో తారుముద్ద కూరారు.