దినమున కొక్క విశేషము: నరసాపురము నేర్పు పాఠము

నరసాపురము చెంత మాధవాయిపాలెము రేవులో పంటు నెక్కి, వశిష్ఠ గోదావరిని దాటి సఖినేటిపల్లి చేరినవారు మన పాఠకులలో అనేకులుందురు. ఆ రేవు పేరు ఇంగ్లీషు, ఫ్రెంచి, స్పానిషు నిఘంటువుల కెక్కినదని వారిలో ఎందరికి తెలియును?

పంచాయతీ కార్యాలయపు నోటీసు బోర్డు మీద పన్నుల గడువులు, వేలము ప్రకటనలు కనబడుచుండును. ఆ బోర్డులోనే ఒక మూల దినమున కొక్క విశేషమును సుద్దముక్కతో వ్రాయించినచో ఖర్చేమియు లేదు. బడిపిల్లలు చదువుదురు, పెద్దలు రచ్చబండ వద్ద చర్చింతురు. దూరదేశముల వింతలకంటె ముందు మన ప్రాంతపు సంగతులు వ్రాయుట మేలు. మాదిరిగా ఆరు దినముల విశేషములను ఇచట పొందుపరచుచున్నాము.

మొదటి దినము. మాధవాయిపాలెమును ఆంగ్లేయ వర్తకులు ‘మడపొల్లం’ అని పలికిరి. 17వ శతాబ్దిలో ఈస్టిండియా కంపెనీవారు అచట వర్తకస్థావరము నెలకొల్పిరి. అచటి నుండి ఓడలలో ఎగుమతియైన తెల్లని నూలు గుడ్డకు ఆ ఊరి పేరే స్థిరపడెను. ఫ్రెంచివారు దానిని ‘మదపొలామ్’ అనియు, స్పానిషువారు ‘మదపొలాన్’ అనియు వ్యవహరించిరి.

రెండవ దినము. మన మాట విదేశములకు పోయినట్లే విదేశపు మాటలు మన యింటికి వచ్చినవి. బొత్తాము, మేస్త్రీ, అలమార అను మాటలు పోర్చుగీసు భాష నుండి వచ్చినవి. బందరు అనగా పారసీక భాషలో ఓడరేవు.

మూడవ దినము. 19వ శతాబ్దిలో ఇంగ్లండు మిల్లులు మరమగ్గములపై ఇట్టి గుడ్డనే నేసి, మడపొల్లం అను పేరుతోనే మన దేశమునకు పంపసాగెను. 1833వ సంవత్సరపు చార్టరు శాసనముతో కంపెనీ వర్తకమును చాలించుకొనెను. నేతగానికి కొనుగోలుదారుడు పోయెను. ఊరి పేరు మిల్లు గుడ్డకు అతుకుకొనెను. ఆ పేరు మాదియని చెప్పుకొనుటకు ఆనాటి నేతగానికి ఆధారము లేకపోయెను.

నాల్గవ దినము. 19వ శతాబ్దిలోనే క్రైస్తవ మిషనరీలు ఈ ప్రాంతపు స్త్రీలకు లేసు అల్లిక నేర్పిరి. చివర కొక్కెము గల చిన్న సూది, నూలు దారము, ఓర్పు గల చేయి: ఈ మూడే పెట్టుబడి. ఇంటి అరుగు మీద అల్లిన బల్లగుడ్డలు, అంచులు సముద్రములు దాటి పోయినవి. మగ్గము మూలబడిన సీమలో సూది నిలిచినది.

ఐదవ దినము. మరియా మీస్ అను జర్మను సామాజిక శాస్త్రవేత్త నరసాపురపు లేసు పనివారిని గూర్చి పరిశోధించి, 1982లో ఒక గ్రంథము ప్రకటించెను. ఈ స్త్రీలు ప్రపంచ విపణి కొరకు వస్తువులు తయారుచేయుచున్నను, వారిని పనివారుగా గాక, తీరికవేళ కాలక్షేపము చేయు గృహిణులుగా ఎంచుట వలననే కూలి తక్కువగా నుండెనని ఆమె నిరూపించెను. లెక్కల పుస్తకములో ‘ఇంటిపని’ అని వ్రాసిన ఒక్క మాట ఎంత నష్టము చేయగలదో చూడుడు.

ఆరవ దినము. ఒక ప్రాంతమున పుట్టిన సరుకు పేరును కాపాడుటకు మన దేశమున 1999లో భౌగోళిక సూచికల చట్టము చేయబడి, 2003 సెప్టెంబరు 15 నుండి అమలులోనికి వచ్చెను. నరసాపురపు లేసు అల్లికకు 2024లో ఈ గుర్తింపు లభించినది. మడపొల్లం నేతగానికి లేని రక్షణ నేడు లేసు అల్లు స్త్రీకి కలదు. అయితే ఈ నమోదు పదేండ్లకే చెల్లును, పిదప పునరుద్ధరింపవలెను. అదియును గాక, ఉత్పత్తిదారులు తామును అధీకృత వినియోగదారులుగా వేరుగ నమోదు కావలెను.

విశేషము తెలిసినంత మాత్రమున ప్రయోజనము సిద్ధింపదు. దానిని పనిలో పెట్టవలెను. రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు ఉద్దేశింపబడిన 29 విషయములలో చిన్న పరిశ్రమలు, కుటీర పరిశ్రమలు, గ్రంథాలయములు ఉన్నవి. కావున లేసు పనివారిని గూర్చి గ్రామసభలో చర్చించుట మన బాధ్యతలలోనిదే. కేంద్ర ప్రభుత్వ హస్తకళల అభివృద్ధి కమిషనరు కార్యాలయము ఇచ్చు గుర్తింపు కార్డును గూర్చియు వారికి తెలియజెప్పవలెను.

బోర్డు మీద వ్రాయునపుడు రెండు నియమములు పాటింపుడు. విన్నదెల్ల వ్రాయక, గ్రంథాలయమునందో ఉపాధ్యాయుని వద్దనో సరిచూచుకొనుడు. సంవత్సరము తెలిసినచో తప్పక చేర్చుడు.

ఇక ఏడవ దినమున ఏమి వ్రాయవలెను? అది మేము చెప్పజాలము. మీ గ్రామములో లేసు అల్లు స్త్రీలెందరో ఇంటింటికి పోయి లెక్క తీసి, ఆ సంఖ్యను బోర్డు మీద వ్రాయుడు. వృత్తి అను గడిలో ‘ఇంటిపని’ అని గాక, ‘లేసు పని’ అని వ్రాయుడు.