పాతలారీ కొనునపుడు ఇల్లాలు చూడవలసినవి

సాలూరున బంగారమునకును లారీకిని గల సంబంధము తక్కిన యూళ్ల సోదరీమణులకు వెంటనే బోధపడకపోవచ్చును. ఈ యూరు తూర్పుకనుమల పాదమున, వేగావతీనది యొడ్డున నున్నది. విజయనగరమునుండి వచ్చు 26వ నంబరు జాతీయ రహదారి యిచ్చట సమభూమిని విడిచి, సుంకి, పొట్టంగి మీదుగా కొరాపుట్టునకు బోవును. ఆ బాటయే యీ యూరికి బ్రతుకుదెరువు చూపినది. రాష్ట్రమున లారీల సంఖ్యలో విజయవాడ తరువాత సాలూరునే చెప్పుకొనుట కలదు. బాడీలు కట్టువారు, కమాను కట్టలు సరిచేయువారు, టైరులవారు, రంగులవారు, అందఱును లారీ చుట్టు తిరుగువారే.

క్రొత్త లారీ వెల సామాన్యులకు మించినది గనుక, ఈ వృత్తిలో దిగు కుటుంబము మొదట పాతలారీనే కొనును. సొమ్ము కొంత అప్పుగా వచ్చును, కొంత బంధువులనుండి వచ్చును, తక్కినది యిల్లాలి మెడనుండి వచ్చును. నగలిచ్చునది స్త్రీ, బండి చూచివచ్చునది పురుషులు. ఈ పద్ధతిలోని లోపమును మేము మూల్యము చెల్లించి తెలిసికొంటిమి.

2011వ సంవత్సరమున మా యింటివారును మా మరిదిగారును పొరుగు జిల్లాలోని యొక యూరికి బోయి, పదిచక్రముల పాతలారీని బేరమాడి వచ్చిరి. "రంగు చూచితివా వదినా, పెండ్లికూతురివలె నున్నది" అని మా మరిదిగారు ఫోనులో బొమ్మ చూపినారు. తొమ్మిది తులముల బంగారము తాకట్టునకు బోయినది. అమ్మినవాడు రిజిస్ట్రేషను పత్రమునకు జిరాక్సు ప్రతి యిచ్చి, అసలు పత్రము వారములో పంపెదనన్నాడు. ఆ వారము గడచి ఆరు నెలలైనది. ఒకనాటి రాత్రి మా బండి నూనె పోయించుకొనుచుండగా, ఫైనాన్సు కంపెనీ మనుష్యులు వచ్చి తాళములు తీసికొనిపోయిరి. ఆ లారీపై పాత యజమాని తీర్చని యప్పు కలదు. అసలు పత్రమున ఫైనాన్సువారి పేరు వ్రాసియున్నచోట, మాకిచ్చిన ప్రతిలో తెల్లకాగితపు ముక్క యంటించి జిరాక్సు తీయించినట్లు తరువాత గ్రహించితిమి. తొమ్మిది తులములలో నాలుగు మాత్రము విడిపించుకొనగలిగితిమి. మా అత్తగారు మమ్మొక్క మాటయు ననలేదు. ఆమె గొలుసు కూడ అందులోనే పోయినది.

కావున పత్రములనుండియే మొదలిడుదము. బండి యెంత చక్కగా నున్నను, అసలు రిజిస్ట్రేషను పత్రము కంటితో చూడనిదే బయానా యీయరాదు. అందు యజమాని పేరును, సొమ్ము పుచ్చుకొనువాని పేరును ఒక్కటి కావలెను. ఫైనాన్సు పేరున్నచో, అప్పు తీరినదని ఆ కంపెనీవారు వ్రాసిన పత్రమును, వారి సంతకముతో 35వ నంబరు ఫారమును ఉండవలెను. అమ్మకమునకు 29, 30 నంబరుల ఫారములు కావలెను. ఒరిస్సానుండియో ఛత్తీస్‌గఢ్ నుండియో కొను బండి యైనచో, అచ్చటి రవాణా కార్యాలయమువారు ఆక్షేపణ లేదని యిచ్చు 28వ నంబరు ఫారము లేక యిచ్చట పేరు మారదు. ఇప్పుడొక సౌకర్యము కలదు. ఆనాడు మేము దాని నెఱుగము. 'వాహన్' అను ప్రభుత్వపు లెక్కలలో బండి నంబరు వేసినచో, ఫిట్‌నెసు గడువు, ఇన్సూరెన్సు గడువు, ఫైనాన్సు కలదో లేదో, చేతిలోని ఫోనుననే కనబడును. పిల్లలచేత పాఠములు చదివించు తల్లికి ఇది కష్టమైన పని కాదు.

నంబరు చూచి బండి యేజిల్లాదో చెప్పువారి మాట నమ్మనక్కరలేదు. పూర్వము ఏ.పి. 35 అనగా విజయనగరము జిల్లా అని పిల్లలు సైతము చెప్పెడివారు. 2019లో రాష్ట్రమంతటికిని ఏ.పి. 39 అను నొక్కటే గుర్తు వచ్చినది. సాలూరు కూడ 2022 నుండి పార్వతీపురము మన్యము జిల్లాలో చేరినది.

బండి వయస్సు మాత్రము తప్పక లెక్కింపవలెను. సరకులారీకి ఎనిమిదేండ్లవఱకు రెండేండ్లకొకసారి, ఆ పిమ్మట ఏటేట ఫిట్‌నెసు పరీక్ష చేయింపవలెను. ఆ పరీక్షకు ముందు పెట్టవలసిన మరమ్మతు ఖర్చు బేరమున నెవరును చెప్పరు. మూడు నెలలకొకసారి కట్టవలసిన పన్ను బాకీయున్నను, పోలీసువారి చలానాలు నిలిచియున్నను అవి వెలనుండి తీసివేయవలసినవే.

రెండవసారి, 2017లో, మేమే స్వయముగా చూడబోయితిమి. మా యింటివారు కొంచెము సంకోచించిరి. ఆడుదానిని వెంటబెట్టుకొని లారీ కొనవచ్చినాడని నలుగురు నవ్వుదురని వారి భయము. నవ్వినవారు నవ్వినారు. ఊరిలో ముప్పదియేండ్ల అనుభవముగల మేస్త్రీ నొకనిని కూడ తీసికొనిపోయితిమి. అతనికిచ్చిన కూలి ఆ యేటి ఖర్చులన్నిటిలోను సద్వినియోగమైనది.

మొదటి లారీ యొద్దకు తెల్లవారి ఆరు గంటలకు చేరితిమి. మేస్త్రీ మాటలాడకుండ ఇంజనుపై చేయివేసి చూచి, మమ్మును వేయుమని సైగచేసినాడు. వెచ్చగా నున్నది. మేము వచ్చుచున్నామని తెలిసి ముందే త్రిప్పి యుంచినారన్నమాట. చల్లారిన యింజను మొదటిసారి యెట్లు అందుకొనునో, ఏరంగు పొగ విడుచునో చూచుటయే పరీక్ష. నీలిపొగ వచ్చినచో ఇంజను తన నూనెను తానే త్రాగుచున్నదని యర్థము. తెల్లపొగ చాలసేపటివఱకు తెగక వచ్చినచో లోనికి నీరు చేరుచున్నదని శంకింపవలెను. నల్లపొగకు పంపు దోషమో, గాలి చాలకపోవుటయో కారణము, దానిని బాగుచేయవచ్చును. ఆయిలు కొలుచు పుల్ల తీసి చూచినపుడు అది మజ్జిగవలె తెల్లబారియుండుట అన్నిటికంటె చెడ్డగుర్తు. వంటింట నూనెయు నీరును కలిసిన నేమగునో మనకొకరు చెప్పవలెనా!

రెండవ బండి రంగు తళతళలాడుచుండెను. మేము మెచ్చుకొనబోగా మేస్త్రీ, "రంగుకేటుందమ్మా, కిందన సూడండి" అన్నాడు. క్రింద చాసిస్ అను ఇనుపచట్రమునకు, క్యాబిను వెనుకవైపున, క్రొత్త నల్లరంగు పూసియుండిరి. గోటితో గీకగా వెల్డింగుచేసిన పట్టీ బయటపడినది. ఎక్కువ బరువుతో ఘాటీ యెక్కిన బండికి చట్రము విఱుగుట యుండును. విఱిగినదానిని అతికించి అమ్ముటయు నుండును. మనిషికి వెన్నెముక యెట్టిదో లారీకది అట్టిది. క్యాబినునకు గుడ్డచుట్టిన చిన్న అయస్కాంతము తాకించి చూచినచో, పుట్టీ దట్టముగా పెట్టినచోట అది యంటదు. అచ్చట దెబ్బ తగిలినదని తెలియును. యజమాని కోపగించి, కొనుటకు వచ్చినారా, తప్పులెన్నుటకు వచ్చినారా యని యడిగినాడు. రెండింటికిని వచ్చితిమని చెప్పి వెడలితిమి.

చాసిస్ నంబరు విషయమొకటి. పత్రములోని పదునేడు అక్షరములును అంకెలును చట్రముపై చెక్కినవానితో సరిపోవలెను. దానిపై పలుచని కాగితమునుంచి పెన్సిలుతో రుద్దినచో నంకెలు తేలును. చిన్ననాడు రూపాయి బిళ్లపై కాగితముంచి రుద్దిన యాటయే యిది. ఒక్క యంకె గీకి మార్చినట్లున్నను ఆ బండి తాకక రావలెను. టైరుల విషయమునను అంకెలే సాక్ష్యము చెప్పును. టైరు ప్రక్కన నాలుగంకెల గుర్తుండును. 2319 అని యున్నచో 2019వ సంవత్సరము ఇరువదిమూడవ వారమున తయారైనదని యర్థము. పాత టైరుపై క్రొత్తరబ్బరు అతికించి నల్లరంగు పూసినదానిని క్రొత్తదని చెప్పుట కలదు. పదిచక్రముల బండికి టైరులన్నియు మార్చవలసివచ్చినచో ఆ ఖర్చు తలక్రిందులు చేయును.

ఇక నడిపి చూచుట. ఖాళీలారీ అందఱికిని మంచిదే. బరువు వేసి, ఘాటీలో కొంతదూర మెక్కించి దింపించిననే గాని గేరు జారుటయు, బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుటయు, స్టీరింగు వదులును బయటపడవు. ఎక్కునపుడు యింజను గుణము, దిగునపుడు బ్రేకు గుణము తెలియును. దిగునపుడే ప్రాణములు పోవునది. మా కొఱకు బరువు వేయనొల్లని యజమాని బండిని మేము వదలుకొంటిమి.

బెంగుళూరున నుండు మా మేనల్లుడు పాత స్పోర్ట్సుకారు కొనగోరి, "అత్తా, లారీల సంగతి నీకు తెలియునుగదా" యని హాస్యముగా నడిగినాడు. మేము హాస్యముగా చెప్పలేదు. లారీని బరువు అరుగదీయును, ఆ కారును వేగము అరుగదీయును, చూడవలసినవి అవియే. చల్లని యింజను, గుద్దుకొని అతికించిన చట్రము, టైరులు ఒకప్రక్కనే అరుగుట, క్లచ్చి, అసలు పత్రము. మీటరు తక్కువ చూపుచుండగా పెడలు రబ్బరు నున్నగా అరిగియున్నచో మీటరును నమ్మవద్దంటిమి. అతడు రెండు కార్లు వదలుకొని, మూడవది యింకను వెదకుచున్నాడు.

పురుషులకు సాధ్యముకాని పరీక్ష యొకటి మనకు సాధ్యము. మేము చూచిన మూడవ లారీ సాలూరుదే. దాని డ్రైవరు భార్య మా వీథి చివరనే కాపురముండెడిది. ఆమె నడిగితిమి, ఆయన యింటికి సరిగా వచ్చుచున్నారా యని. "బండి సెడిపోయి దారిలో ఉండిపోనాడని ఏనాడూ ఫోను రానేదమ్మా" అన్నది. రంగు వెలిసి, సీటు చినిగి, చూచుటకు వికారముగా నున్న బండి యది. మేస్త్రీ గంటసేపు చూచి తలయూపినాడు. ఘాటీ యెక్కించి దింపించితిమి. పత్రములు సరిపోయినవి. బయానాకు రసీదు పుచ్చుకొని, తక్కినది యజమాని పేరిటి బ్యాంకు ఖాతాకే పంపితిమి.

పేరు మార్పించుటలో జాగు కూడదు. ఒక రాష్ట్రములోనే అమ్మినపుడు అమ్మినవారు పదునాలుగు దినములలోను, కొన్నవారు ముప్పది దినములలోను రవాణా కార్యాలయమునకు తెలుపవలెనని 1988 నాటి మోటారు వాహనముల చట్టము. ఇన్సూరెన్సును తమ పేరికి మార్చుమని పదునాలుగు దినములలో కోరవలెను. అమ్మువారికిని దీనిలో ప్రాణావసరము కలదు. బండి అమ్మివేసినను పత్రములో పేరెవరిదో వారే ప్రమాదమునకు నష్టపరిహారము చెల్లింపవలసిన యజమానులని సుప్రీముకోర్టు 2018లో తీర్పు చెప్పినది.

మా పేరిట కార్డు వచ్చినవఱకు ఆ లారీని రోడ్డెక్కింపనీయలేదు. మా మరిదిగారు విసుగుకొన్నారు. కార్డు చేతికందిన సాయంకాలము మా అత్తగారు స్వయముగా పసుపు కుంకుమ పెట్టి, చక్రముల క్రింద నిమ్మకాయలుంచినారు. సీటు మాత్రము రెండేండ్లవఱకు కుట్టింపలేదు. ఆ సొమ్ముతో ముందు ఆయిలు మార్పించి, బ్రేకులు విప్పించి చూపించితిమి.